లైగో-ఇండియా: డబ్బు కన్నా కాలమే ఖరీదు

గురుత్వ తరంగాలను తొలిసారి పట్టుకున్నామని అమెరికాలోని లైగో వేధశాల శాస్త్రవేత్తలు ప్రకటించింది 2016 ఫిబ్రవరి 11న. సరిగ్గా ఆరు రోజులకు, ఫిబ్రవరి 17న, అలాంటి వేధశాలను మన దేశంలోనూ కట్టడానికి కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సైన్సు విషయంలో ఢిల్లీ ఇంత చురుగ్గా కదలడం అరుదు. ఆ ఏడాది మార్చి 31న వాషింగ్టన్‌లో ప్రధాని సమక్షంలో రెండు దేశాల మధ్య అవగాహన ఒప్పందం కూడా అయిపోయింది. ఆ తరువాతే అసలు కథ. డబ్బు మంజూరు చేస్తూ మంత్రివర్గం తుది ఆమోదం ఇచ్చింది 2023 ఏప్రిల్ 6న. మొత్తం 2,600 కోట్ల రూపాయలు. అదే ఏడాది మే 11న, జాతీయ సాంకేతిక దినోత్సవం నాడు, ప్రధాని ఢిల్లీ నుంచే శంకుస్థాపన చేశారు. ఒప్పుకోవడానికి ఆరు రోజులు, ఖజానా తెరవడానికి ఏడేళ్లు. లైగో-ఇండియా గురించి తెలుసుకోవాల్సిన మంచీ చెడూ చాలా వరకు ఈ రెండు అంకెల మధ్యే ఉన్నాయి.

గంపలగూడెంలో ఈ కబురు చెబితే ముందుగా ఏ ప్రశ్న వస్తుందో ఊహించడం కష్టం కాదు. కట్టలేరు పొంగితే వినగడప దగ్గర రాకపోకలు ఆగిపోయే మండలం ఇది. మామిడి కాపు బాగుంటే ధర ఉండదు, ధర ఉన్న ఏడు కాపు ఉండదు. ఎక్కడో 130 కోట్ల ఏళ్ల కిందట రెండు కృష్ణబిలాలు గుద్దుకుంటే మనకేమిటి, దానికి 2,600 కోట్లెందుకు అని ఎవరైనా అడుగుతారు. ఈ ప్రశ్నను అజ్ఞానమని తోసిపుచ్చే మేధావులతో నాకు పేచీ ఉంది. పన్ను కట్టే మనిషి అడగవలసిన ప్రశ్నే అది. దానికి అంకెలతో జవాబు చెప్పవచ్చు, చెబుతాను. అయితే దానికన్నా పదునైన ప్రశ్న మరొకటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అడగడం లేదు: ఇది ఎప్పటికి పూర్తవుతుంది, అప్పటికి దాని అవసరం ఎంత మిగులుతుంది?

ముందు తరంగాల సంగతి. ద్రవ్యరాశి ఉన్న ప్రతి వస్తువూ తన చుట్టూ ఉన్న స్థలకాలాలను వంచుతుందని ఐన్‌స్టైన్ 1915లో చెప్పారు. భారీ వస్తువులు వేగంగా కదిలితే ఆ వంపు అలలుగా సాగి కాంతివేగంతో పరుగెడుతుందని మరుసటి ఏడాది లెక్కకట్టారు. అవి మరీ బలహీనమైన అలలు కనుక ఎన్నటికైనా దొరుకుతాయా అన్న అనుమానం ఆయన్నే వెంటాడింది. 1960లలో జోసెఫ్ వెబర్ అల్యూమినియం దిమ్మెలతో ప్రయత్నించి, దొరికాయని 1969లో ప్రకటించారు. మరెవరి ప్రయోగంలోనూ అవి కనబడలేదు. 1974లో హల్స్, టేలర్ కనిపెట్టిన జంట న్యూట్రాన్ తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ క్రమంగా దగ్గరవుతున్నాయని, ఆ తగ్గుదల ఐన్‌స్టైన్ లెక్కకు అచ్చంగా సరిపోతోందని తేలాక నమ్మకం కుదిరింది. ఆ పనికి 1993లో నోబెల్ వచ్చింది. కానీ అది పరోక్ష సాక్ష్యమే. అల నేరుగా తగలాలంటే వేరే యంత్రం కావాలి.

ఆ యంత్రం గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే ఖర్చూ ఆలస్యమూ రెండూ అక్కడి నుంచే పుడతాయి. ఇంగ్లీషు 'ఎల్' అక్షరం ఆకారంలో రెండు చేతులు, ఒక్కొక్కటి 4 కిలోమీటర్లు. మూల దగ్గర ఒక లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి రెండు చేతుల్లోకి పంపుతారు. చివరన ఉన్న అద్దాలకు తగిలి అవి తిరిగి వస్తాయి. చేతుల పొడవు మారనంత కాలం రెండు కిరణాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గురుత్వ తరంగం వచ్చినప్పుడు ఒక చేయి సాగి మరొకటి కుంచించుకుంటుంది, కొద్దిగా వెలుగు బయటపడుతుంది. సూత్రం ఇంతే. డిగ్రీ పిల్లలు ప్రయోగశాలలో చేసే మైకెల్‌సన్ వ్యతికరణ మాపకానికి ఇది పెద్దన్న. చిక్కంతా కొలతలో ఉంది. 2015 సెప్టెంబరు 14న తొలి తరంగం వచ్చినప్పుడు 4 కిలోమీటర్ల చేయిలో వచ్చిన మార్పు ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు స్థాయిలో ఉంది. అంత సూక్ష్మమైన కదలికను చూడాలంటే తక్కిన కదలికలన్నీ ఆపాలి. అందుకే ఒక్కో అద్దం 40 కిలోల శుద్ధ సిలికా, 34 సెంటీమీటర్ల వెడల్పు. దాన్ని అర మిల్లీమీటరు కన్నా సన్నని గాజు పోగులతో, నాలుగు అంచెలుగా వేలాడదీస్తారు. కిరణం ఒక్కో చేతిలో దాదాపు 300 సార్లు అటూ ఇటూ తిరిగేలా చేస్తారు, అంటే 4 కిలోమీటర్ల చేయి 1,200 కిలోమీటర్ల చేయిలా పనిచేస్తుంది. గాలి అణువులు కాంతికి అడ్డు పడకుండా 1.2 మీటర్ల వ్యాసమున్న ఉక్కు గొట్టాలలో గాలి మొత్తం తోడేయాలి. ఒక్కో లైగోలో ఇలా ఖాళీ చేసే జాగా 10,000 ఘనపు మీటర్లు. అమెరికాలో ఆ గాలి తోడడానికే 40 రోజులు పట్టింది. 4 కిలోమీటర్ల దూరంలో భూమి గుండ్రదనం వల్లే నేల మీటరుకు పైగా కిందికి వంగుతుంది, పునాది వేసేటప్పుడు ఆ వంపునూ సరిదిద్దాలి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా అమెరికాలోని హాన్‌ఫర్డ్ లైగోలో ఆమధ్య ఒక వింత చప్పుడు నమోదవుతూ వచ్చింది. ఆరా తీస్తే, అతిశీతల నైట్రోజన్ గొట్టం మీద పేరుకున్న మంచును కాకులు దాహానికి పొడుస్తున్నాయని తేలింది. కోటానుకోట్ల కిలోమీటర్ల అవతలి సంగతి చెప్పే యంత్రానికి కాకి ముక్కు కూడా గండమే.

సరే, అమెరికాలో హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ రెండు ఉన్నాయి. ఇటలీలో పీసా దగ్గర 3 కిలోమీటర్ల చేతులున్న వర్గో ఉంది. జపాన్‌లో కమియోకా గనిలో, నేల కింద, కాగ్రా ఉంది. 2015 నుంచి ఇప్పటికి ఇవి కలిసి 300కు పైగా ఘటనలను నమోదు చేశాయి. మరి ఐదోది, అదీ మన దగ్గర, ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు ప్రతిష్ఠలో లేదు, భూగోళంలో ఉంది. ఒక్క యంత్రానికి తరంగం వచ్చిందని తెలుస్తుంది గానీ ఎటు నుంచి వచ్చిందో సరిగా తెలియదు. రెండు చోట్లకు అది ఎంత తేడాతో చేరిందన్న దాన్ని బట్టే దిశ తేలుతుంది. హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ మధ్య దూరం 3,002 కిలోమీటర్లు, అంటే తేడా 10 మిల్లీసెకన్లకు మించదు. తొలి తరంగం లివింగ్‌స్టన్‌కు దాదాపు 7 మిల్లీసెకన్లు ముందు చేరింది. అంతటితో తేలిన దిశ ఆకాశంలో సుమారు 600 చదరపు డిగ్రీలు. నిండు చందమామ ఆక్రమించేది చదరపు డిగ్రీలో ఐదో వంతు మాత్రమే. అంత జాగాలో దేన్ని వెతుకుతారు? మన దేశం అమెరికాకు భూగోళంలో దాదాపు అవతలి పక్కన ఉంది. ఇక్కడొక యంత్రం ఉంటే తేడా 30 మిల్లీసెకన్లు దాటుతుంది. దిశను ఇప్పటికన్నా ఐదు నుంచి పది రెట్లు మెరుగ్గా చెప్పవచ్చన్నది శాస్త్రవేత్తల లెక్క.

రెండు ఉదాహరణలు చూస్తే ఈ లెక్క విలువ తెలుస్తుంది. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న తరంగం వచ్చింది. 1.7 సెకన్ల తరువాత ఫెర్మి ఉపగ్రహం గామా కిరణాల మెరుపును చూసింది. అప్పటికి వర్గో పనిలో చేరి రెండు వారాలే అయింది. దానికి ఈ తరంగం సరిగా కనబడనే లేదు. ఆ కనబడకపోవడమే కలిసి వచ్చింది: వర్గో చూపు ఆనని దిక్కులు కొన్నే ఉంటాయి, కనుక తరంగం అటు నుంచే రావాలి. వెతకాల్సిన జాగా 28 చదరపు డిగ్రీలకు తగ్గింది. సగం రోజులోపే చిలీలోని ఒక దూరదర్శిని 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎన్‌జీసీ 4993 నక్షత్రవీధిలో ఆ వెలుగును పట్టేసింది. ప్రపంచంలోని దూరదర్శినులు అటు తిరిగాయి. పుణె దగ్గరి మన రేడియో దూరదర్శిని జీఎంఆర్‌టీ కూడా దాని రేడియో వెలుగును గమనించింది. బంగారం, ప్లాటినం లాంటి బరువైన మూలకాలు ఇలాంటి ఢీలలో తయారవుతాయన్న ఊహకు అప్పుడు గట్టి సాక్ష్యం దొరికింది. అక్షయ తృతీయకు కొనే కాసు బంగారానికి కూడా ఇలాంటి పుట్టుపూర్వోత్తరాలే ఉండి ఉండవచ్చు. విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో కొలవడానికి కొత్త పద్ధతి కూడా ఆ ఒక్క ఘటనతోనే చేతికొచ్చింది.

రెండోది 2019 ఏప్రిల్ 25 నాటిది. మళ్లీ న్యూట్రాన్ తారల ఢీ. ఆ సమయానికి హాన్‌ఫర్డ్ పనిచేయడం లేదు. లివింగ్‌స్టన్ ఒక్కటే స్పష్టంగా విన్నది. వెతకాల్సిన జాగా 8,000 చదరపు డిగ్రీలకు పైన, అంటే మొత్తం ఆకాశంలో దాదాపు ఐదో వంతు. దూరదర్శినులు ఎంత గాలించినా వెలుగు దొరకలేదు. 2017లో అంత పంట పండించిన రకం ఘటనే 2019లో చేజారిపోయింది. ఇవి సున్నితమైన యంత్రాలు. మరమ్మతుకో, ఎక్కడో వచ్చిన భూకంపానికో, గాలివానకో తరచు ఆగుతుంటాయి. ఒకటి ఆగినా మరో మూడు పనిచేస్తుంటేనే ప్రయోజనం. నన్నడిగితే లైగో-ఇండియాకు ఇంతకన్నా బలమైన వాదన అక్కర్లేదు.

ఇది అమెరికా దయతో మనకు దక్కిన వరమని కొందరు రాస్తారు. సగమే నిజం. బెంగళూరు వేదికగా చాలా కాలం పనిచేసిన సి.వి. విశ్వేశ్వర 1970లోనే, కుదుపుకు లోనైన కృష్ణబిలం గంటలా మోగి ఎలా సద్దుమణుగుతుందో లెక్కకట్టారు. 2015 నాటి తొలి సంకేతం చివర కనిపించింది ఆ మోతే. తన లెక్క నిజమైందని చూశాకే ఆయన 2017 జనవరిలో కన్నుమూశారు. పుణె ఐయూకా సంస్థలో సంజీవ్ ధురంధర్, ఆయన శిష్యుడు సత్యప్రకాశ్ గోలలోంచి సంకేతాన్ని ఏరే గణిత పద్ధతులకు 1990ల ఆరంభంలోనే పునాది వేశారు. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో బాల అయ్యర్ ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి తరంగ రూపాలను లెక్కించారు. అంటే మన దగ్గర కాగితం మీది సైన్సు ఎప్పుడో ఉంది, లేనిది యంత్రం. 2009లో ఇండిగో అనే పేరుతో శాస్త్రవేత్తలు ఒక బృందంగా ఏర్పడ్డారు. హాన్‌ఫర్డ్‌లో రెండో యంత్రం కోసం సిద్ధం చేసిన భాగాలను అమెరికా ముందు ఆస్ట్రేలియాకు ఇవ్వజూపింది. 2011లో ఆస్ట్రేలియా డబ్బు సమకూర్చుకోలేక వద్దంది. అప్పుడు మన వంతు వచ్చింది. అమెరికా ఇచ్చే భాగాల విలువ 8 కోట్ల డాలర్లు, సుమారు 560 కోట్ల రూపాయలు. భూమి, భవనాలు, శూన్య గొట్టాలు, నిర్వహణ మనవి. పని నాలుగు సంస్థలకు పంచారు: శూన్య వ్యవస్థ గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థకు, లేజర్, అద్దాల పని ఇందోర్‌లోని రాజా రామన్న కేంద్రానికి, స్థలం, గణన, సమాచార విశ్లేషణ ఐయూకాకు, నిర్మాణం ముంబయిలోని అణు ఇంధన శాఖ విభాగానికి.

స్థలం ఎక్కడంటే మహారాష్ట్రలోని హింగోలి జిల్లా, ఔంఢా నాగనాథ్ పట్టణం సమీపంలో. జ్యోతిర్లింగ క్షేత్రమని మనలో చాలామందికి తెలిసిన ఊరే. ఇరవైకి పైగా చోట్లు చూసి, ఔంఢా, ఉదయపూర్ ప్రాంతాలను మిగిల్చి, చివరికి దీన్ని ఖాయం చేశారు. నల్లరేగడి కింద గట్టి రాతి నేల, సముద్రపు అలల హోరుకు దూరం, పెద్ద కర్మాగారాలు, రద్దీ రైలు మార్గాలు లేకపోవడం దీనికున్న బలాలు. తెలుగువారికి ఇది మరీ పరాయి నేల కాదు. 1956 దాకా హింగోలి హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. నిజాం కాలంలో ఇక్కడ సైనిక కంటోన్మెంటు ఉండేది. ఇప్పటికీ స్టేషను బోర్డు మీద హింగోలి దక్కన్ అనే ఉంటుంది, ఆ లైను దక్షిణ మధ్య రైల్వేది. గంపలగూడెం వాసి మధిరలో రైలెక్కి, సికింద్రాబాదు, నిజామాబాదు, బాసర, నాందేడ్ మీదుగా పూర్ణా దాకా పోయి అక్కడి నుంచి పైకి వెళితే వచ్చేది హింగోలే.

అయితే స్థలం విషయంలో ఒక కలవరం లేకపోలేదు. 2024 మార్చి 21న హింగోలిలో 4.5 తీవ్రతతో భూమి కంపించింది. జూలై 10న మళ్లీ అంతే తీవ్రతతో కంపించింది. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారిలో వేలాది మందిని బలిగొన్న భూకంపం ఇదే మరాఠ్వాడాలోది. భూమి కదలదనుకున్న దక్కన్ పీఠభూమి మీద నమ్మకం అప్పుడే కొంత సడలింది. 2024 డిసెంబరు 4న ఉదయం ములుగు జిల్లా మేడారం దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపనలు తిరువూరు, విజయవాడల దాకా తెలిశాయి. గోదావరి లోయ ఎంత దూరం దాకా వణికించగలదో మనకూ అర్థమైంది. ఓ మోస్తరు ప్రకంపన వేధశాలను కూల్చదు, అద్దాలను వేలాడదీసిన తీరే దానికి రక్ష. కానీ కొలత ఆగుతుంది. పెద్దదైతే నష్టం చెప్పనలవి కాదు. 2024 జనవరి 1న జపాన్‌లో నోటో భూకంపం వచ్చాక కాగ్రా మళ్లీ పరిశీలనలో చేరడానికి ఏడాదికి పైగా పట్టింది. హింగోలి చుట్టుపక్కల భూకంప నమోదు కేంద్రాలు ఎన్ని పెట్టారు, వాటి ఫలితాలు ఏమంటున్నాయి అన్నది క్రమం తప్పకుండా జనం ముందు పెట్టాలి. దాచవలసిన విషయమేమీ కాదిది. అలాగే దగ్గర్లో ముందు ముందు రాతి క్వారీలు, హైవేలు, గాలిమరలు రాకుండా చూడడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. స్థలాన్ని ఎంచుకోవడం ఒక్కనాటి పని, దాన్ని నిశ్శబ్దంగా ఉంచడం మాత్రం ఏళ్లకేళ్ల పని.

ఇక డబ్బు. 2,600 కోట్లను 2023 నుంచి 2030 దాకా పరిస్తే ఏడాదికి 370 కోట్లు. చంద్రయాన్-3కు 615 కోట్లయింది కదా, దాని పక్కన పెడితే ఎక్కువే. పోలవరం సవరించిన అంచనా 55 వేల కోట్లకు పైమాటే, దాని పక్కన పెడితే ఇరవయ్యో వంతు కూడా కాదు. ఈ పోలికలు పరిమాణం తెలియడానికే తప్ప ఏది ముఖ్యమో తేల్చవు. నేను గట్టిగా చెప్పగలిగింది ఒకటే. లైగో-ఇండియా ఆపితే కట్టలేరు మీద వంతెన పడదు. వంతెన డబ్బు వేరే పద్దులో, వేరే ప్రభుత్వం దగ్గర, వేరే కారణాలతో ఆగుతుంది. దానికోసం అడగవలసిన చోట అడగాలి. ఒకదాన్ని చూపి మరొకదాన్ని ఆపమనడం రెండింటికీ చేటు.

నా అనుమానాలు మొదలయ్యేది ఇక్కడ. 2016లో ఈ యంత్రం 2024కల్లా పనిచేస్తుందన్నారు. 2023లో 2030 అన్నారు. కట్టడం పూర్తయితే చాలదు. అమెరికాలో లైగో నిర్మాణం 1994లో మొదలైంది, తొలి పరిశీలన 2002లో, తొలి తరంగం 2015లో. మనకు అంత పట్టకపోవచ్చు, దారి తెలిసిపోయింది గనుక. అయినా గొట్టాలలో గాలి తోడి, లేజర్ కుదుర్చుకుని, చప్పుళ్లను ఒక్కొక్కటిగా కనిపెట్టి అణచడానికి ఏళ్లు పడుతుంది. 2030 గడువు దాటితే మనం పోటీపడేది ఇప్పటి లైగోతో కాదు. అమెరికా 40 కిలోమీటర్ల చేతులతో కాస్మిక్ ఎక్స్‌ప్లోరర్ అనుకుంటోంది, ఐరోపా నేల కింద ఐన్‌స్టైన్ టెలిస్కోప్ అనుకుంటోంది. లీసా అనే అంతరిక్ష వేధశాలకు ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో పచ్చజెండా ఊపింది, 2035లో ఎగురవేస్తామంటోంది. అవి రాకముందు పదేళ్లలో మన యంత్రానికి ఉండే విలువ వేరు, వచ్చాక ఉండే విలువ వేరు. మరోపక్క అమెరికాలో నిధుల పరిస్థితీ స్థిమితంగా లేదు. 2026 ఆర్థిక సంవత్సరానికి అక్కడి ప్రభుత్వం పెట్టిన ప్రతిపాదనలో రెండు లైగోల్లో ఒకదాన్ని మూసేంత కోత ఉంది. ప్రతిపాదన ఆమోదం కాదు. అయినా అక్కడ ఒకటి మూతపడే రోజు వస్తే మన యంత్రం అదనపు తోడు కాక, ప్రపంచానికి ఉన్న కొద్దిపాటి ఆధారాల్లో ఒకటవుతుంది. లైగోకు తొలి రూపం గీసిన రైనర్ వైస్ 2025 ఆగస్టులో కన్నుమూశారు. ఆ తరం అనుభవం అందుబాటులో ఉండగానే మనం నేర్చుకోవాల్సింది ఇంకా చాలా ఉంది.

పెద్ద సైన్సు ప్రాజెక్టులు మన దేశంలో ఎలా నెగ్గుతాయో, ఎలా చతికిలబడతాయో చూడడానికి దూరం పోనక్కర్లేదు. తమిళనాడు తేని జిల్లాలో న్యూట్రినో వేధశాలకు 2015 జనవరిలో 1,500 కోట్లతో మంత్రివర్గం ఆమోదమిచ్చింది. కొండ తొలిస్తే అడవికీ నీటికీ ముప్పని స్థానికులు ఎదురు తిరిగారు, వ్యవహారం కోర్టులకెక్కింది, రాష్ట్ర ప్రభుత్వమే వద్దంది. భౌతికశాస్త్రం ఓడిపోలేదక్కడ. ఊరివాళ్లతో ముందే కూర్చుని మాట్లాడకపోవడం దెబ్బతీసింది. శ్రీహరికోటను చూడండి. 1971లో తొలి రాకెట్టు ఎగిరిన ఆ దీవి మీదే తరతరాలుగా బతికిన యానాదులను తరలించారు. ఇస్రో కీర్తిలో వాళ్ల ప్రస్తావన ఎంత ఉందో అందరికీ తెలుసు. హింగోలిలో ఇప్పటిదాకా అంత గొడవ లేదు. ఐయూకా బడిపిల్లలతో, టీచర్లతో ముందు నుంచీ పనిచేస్తోంది. అది మంచి సంకేతం.

కట్టిన యంత్రాన్ని ఏళ్ల తరబడి నడపగలమా అన్నది మరో ప్రశ్న. మనవైపు రెండు వేధశాలలు దానికి రెండు వైపులా నిలుస్తాయి. తిరుపతికి దగ్గర్లోని గాదంకి రాడారు 1990ల ఆరంభంలో వచ్చింది. వాతావరణపు పై పొరలను చదివే 53 మెగాహెర్ట్జ్ యంత్రం, 1,024 యాంటెన్నాల వరుస. అనేక ప్రభుత్వ శాఖలు కలిసి డబ్బు పెట్టుకున్నాయి, దేశంలోనే తయారైంది, ఇప్పుడది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. చప్పుడు లేకుండా మూడు దశాబ్దాలుగా నడుస్తోంది. పత్రికల్లో పేరు రాదు, పని ఆగదు. రెండోది రంగారెడ్డి జిల్లాలోని జాపాల-రంగాపూర్. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల వారసత్వం అది. ఆకాశాన్నంతా ఫొటోలు తీసే అంతర్జాతీయ పథకంలో హైదరాబాదు తన వాటా పూర్తి చేసింది. 1960లలో ఉస్మానియా విశ్వవిద్యాలయం రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొల్పింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు దేశవిదేశాల శాస్త్రవేత్తలు అక్కడ గుమిగూడారు. తరువాత నగరం వెలుగులు పెరిగాయి, నిధులు తగ్గాయి, దూరదర్శిని నిరుపయోగమైంది. శంకుస్థాపన ఫలకం వెయ్యేళ్లు నిలుస్తుంది, యంత్రానికి మాత్రం ఏటా నూనె, ఏటా మనుషులు కావాలి. 2,600 కోట్లు కట్టడానికి. నడపడానికి ఆ పైన దశాబ్దాల పాటు ఏటేటా ఎంత, ఎవరు ఇస్తారన్నది కూడా ఇప్పుడే తేలాలి.

ఇక ఫలం పంచుకోవడం. హైదరాబాదు ఐఐటీ ఇప్పటికే గురుత్వ తరంగాల పనిలో మరో దారిలో ఉంది. జీఎంఆర్‌టీతో పల్సార్లనే తారలను ఏళ్ల తరబడి కొలిచి, లైగోకు అందని అతి దీర్ఘ తరంగాల జాడను 2023 జూన్‌లో ప్రపంచంతో పాటు ప్రకటించిన భారతీయ బృందంలో ఆ సంస్థ ఉంది. అక్కడితో ఆగిపోతే మాత్రం సాగర్ ఎడమ కాలువ సంగతే అవుతుంది: తలదగ్గర నిండుగా పారుతుంది, తిరువూరు వైపు చివరి భూములకు వచ్చేసరికి చెమ్మ కూడా ఉండదు. ఐఐటీలు, ఐయూకా తలకాలువ. కృష్ణా, ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాల ఫిజిక్సు విభాగాలు, వాటి కింది డిగ్రీ కళాశాలలు చివరి భూములు. ఖాళీ పోస్టులతో, పాతబడ్డ ప్రయోగశాలలతో ఉన్న ఆ విభాగాలకు లైగో-ఇండియా నుంచి ఏ తూము తెరుస్తారన్నది పథకంలో స్పష్టంగా రాసి ఉండాలి. శూన్య సాంకేతికత, అద్దాల పూత, సన్నని కంపనాల నియంత్రణ, భారీ సమాచార విశ్లేషణ నేర్చిన కుర్రాడికి చిప్పుల కర్మాగారంలోనూ పని దొరుకుతుంది, ఆసుపత్రి యంత్రాల తయారీలోనూ దొరుకుతుంది. ఈ నైపుణ్యం పుణె, ఇందోర్, గాంధీనగర్‌లకే పరిమితం కావలసిన అవసరం లేదు.

అదృష్టవశాత్తూ ఒక తూము ఇప్పటికే తెరిచి ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లైగో, వర్గో తమ కొలతలను గురుత్వ తరంగాల బహిరంగ విజ్ఞాన కేంద్రం ద్వారా అందరికీ ఉచితంగా ఇస్తున్నాయి. 2015 నాటి తొలి సంకేతాన్ని ఒక మామూలు కంప్యూటరులో, ఉచిత పైథాన్ కార్యక్రమాలతో, డిగ్రీ విద్యార్థి తానే మళ్లీ వెలికి తీయవచ్చు. గ్రావిటీ స్పై అనే పథకంలో మామూలు జనం యంత్రపు చప్పుళ్ల బొమ్మలను చూసి రకాలుగా వేరు చేస్తారు. ఇప్పటిదాకా ఎవరూ గుర్తించని చప్పుడు రకాలను అలా సాధారణ స్వచ్ఛంద సేవకులే కనిపెట్టారు. ఇందుకు ఫోను, ఓపిక చాలు.

కాబట్టి నా తీర్పు ఇది. లైగో-ఇండియా కట్టాలి, ఖర్చు సమంజసం, స్థలం ఆమోదయోగ్యం. ఆలస్యం మాత్రం క్షమించరానిది. అణు ఇంధన శాఖ మూడు నెలలకోసారి పని ఎంతవరకు వచ్చిందో, గడువు ఎందుకు జరిగిందో తెలుగుతో సహా దేశ భాషలన్నింటిలో ప్రకటించాలి. మన పార్లమెంటు సభ్యులు ఈ ప్రశ్నను సభలో లేవనెత్తాలి. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్న రాష్ట్రం, గాదంకి ఉన్న రాష్ట్రం అడిగితే వింతేమీ లేదు. తిరువూరు, గంపలగూడెం కళాశాలల్లో ఫిజిక్సు చెప్పే లెక్చరర్లకు ఒక మనవి: ఈ ఏడు ప్రాక్టికల్సులో వ్యతికరణ మాపకం చేయించేటప్పుడు ఆ బహిరంగ సమాచారం కూడా పిల్లల చేత తెరిపించండి. హింగోలిలో యంత్రం సిద్ధమయ్యేలోగా దాన్ని చదవగలిగే పిల్లలు మన దగ్గర సిద్ధంగా ఉండాలి.